కరెంటు ఎక్కడ పోతోంది? మీటరు దగ్గర మొదలుపెట్టి మిద్దె దాకా వెతికే పద్ధతి

“బల్బులన్నీ ఎల్‌ఈడీలు చేశాం, ఫ్రిజ్ కూడా కొత్తదే. అయినా యూనిట్లు దిగడం లేదు. ఎక్కడ పోతోంది?” కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి ఎండలు ముదిరే ముందు మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇది. మన వైపు ఇళ్లలో కరెంటు వృథాగా పోయే చోట్లు ముఖ్యంగా మూడు: నీళ్లెక్కించే మోటారు, ఎండకు కాలే మిద్దె, ఎవరూ వాడకపోయినా రోజంతా కరెంటు లాగే చిన్నాచితకా సామాన్లు. మీ ఇంట్లో వీటిలో ఏది పెద్దదో ఊహించి చెప్పలేం, కొలిచే చూడాలి. కొలవకుండా కొత్త సామాను కొన్న ఇళ్లలో డబ్బు ఖర్చయింది, యూనిట్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. అందుకే కింద మొదటి మూడు పనులూ కొలతలే. వాటికి పైసా ఖర్చు లేదు.

దగ్గర ఉంచుకోవలసినవి

- గత 12 నెలల బిల్లులు (కాగితాలు పోయినా సర్వీసు నంబరుతో మన కరెంటు సంస్థ ఏపీఎస్‌పీడీసీఎల్ యాప్‌లో దొరుకుతాయి)
- నోటుపుస్తకం, స్టాప్‌వాచ్ ఉన్న ఫోను
- గోడకు తగిలించే మామూలు థర్మామీటర్లు రెండు
- సుద్దముక్క, ఒక కాగితం ముక్క, అగరబత్తి
- వీలైతే ప్లగ్గులో పెట్టే చిన్న వాట్ మీటరు. లేకపోయినా పని ఆగదు.

ముందే చెప్పాల్సిన జాగ్రత్తలు: మీటరు సీలు, స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు వైరు ముట్టకండి. అవి సంస్థవి, ఏదైనా తేడా కనిపిస్తే 1912కి ఫోన్ చేయండి. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే మెయిన్ ఆపినా కొన్ని బోర్డుల్లో కరెంటు ఉంటూనే ఉంటుంది. మెయిన్ దించాం కదా అని స్విచ్‌బోర్డు విప్పి షాక్ తినేది ఇక్కడే. ఇన్వర్టరు అవుట్‌పుట్ కూడా ఆపి, టెస్టరుతో చూసుకున్నాకే ముట్టాలి.

1. రూపాయలు వదిలి యూనిట్లు చూడండి

బిల్లు మొత్తం చూసి “పోయిన ఏడాది కంటే పెరిగింది” అనుకోవడం మొదటి పొరపాటు. బిల్లులో ట్రూ అప్ (పాత ఏళ్ల ఖర్చుల సర్దుబాటు), ఇంధన సర్దుబాటు, విద్యుత్ సుంకం అన్నీ కలిసి ఉంటాయి. వాడకం తగ్గినా మొత్తం పెరగొచ్చు. ప్రతి బిల్లులో యూనిట్లు ఎన్ని, పాత రీడింగుకూ కొత్త రీడింగుకూ మధ్య ఎన్ని రోజులు అన్నవి మాత్రం రాసుకోండి. యూనిట్లను రోజులతో భాగించండి. 28 రోజుల బిల్లునూ 34 రోజుల బిల్లునూ పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఇదొక్కటే దారి.

తరువాత డిసెంబరు, జనవరి నెలల రోజువారీ వాడకాన్ని ఏప్రిల్, మే నెలలతో పోల్చండి. చలికాలంలో రోజుకు 4, ఎండాకాలంలో 9 వచ్చిందంటే ఆ 5 యూనిట్లూ వేడికి సంబంధించినవి: మిద్దె, కూలర్, ఏసీ, ఫ్రిజ్. ముందు 7, 8 అంశాలకు వెళ్లండి. చలికాలంలోనే 7 ఉందంటే ఏడాది పొడవునా లాగుతున్నది ఏదో ఉంది. 3, 4, 5 అంశాలు మీకోసం.

వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే స్లాబుల వల్ల చివర్లో తగ్గించే యూనిటే ఎక్కువ విలువైనది. 2022–23లో వచ్చిన టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఈ లెక్కన నెలకు 260 యూనిట్లు కాలే ఇల్లు 40 తగ్గించుకుంటే 35 యూనిట్లు 8.75 చొప్పున, 5 యూనిట్లు 6 చొప్పున, అంటే 336 రూపాయలు మిగులుతాయి. మీ బిల్లు మీదున్న రేట్లతో ఇదే లెక్క కట్టుకోండి.

2. మీటరు మీద మిణుకుమనే లైటుతో వాట్లు కొలవండి

ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కనే ఒక యూనిట్‌కు ఎన్ని మిణుకులో అంకె ముద్రించి ఉంటుంది: 3200, 1600, 6400, ఇలా. ముందుగా 36,00,000ను ఆ అంకెతో భాగించండి. 3200 మీటరుకు 1125 వస్తుంది, 1600కు 2250. ఇది మీ మీటరు అంకె, గోడ మీద పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి.

ఇప్పుడు 10 మిణుకులకు ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. మీ మీటరు అంకెను 10తో హెచ్చించి, సెకన్లతో భాగిస్తే ఆ క్షణాన ఇల్లంతా లాగుతున్న వాట్లు తెలుస్తాయి. 3200 మీటరు, 10 మిణుకులు, 25 సెకన్లు అనుకోండి: 11250ని 25తో భాగిస్తే 450 వాట్లు.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. మొదటి మిణుకును ‘ఒకటి’ అని లెక్కపెట్టడం. స్టాప్‌వాచ్ నొక్కిన మిణుకు సున్నా, తరువాతది ఒకటి. రెండోది, ఫ్రిజ్ నడుస్తుండగా ఒకసారి, ఆగినప్పుడు ఒకసారి కొలిచి రెండింటినీ పోల్చడం. కొలిచేటప్పుడు ఫ్రిజ్ ప్లగ్గు తీసేయండి. పది నిమిషాలకు లోపల ఏమీ పాడవదు.

మీటరు నిజం చెబుతోందా అన్న అనుమానం ఉంటే మిగతావన్నీ ఆపి 1000 వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే పెట్టండి. దాని లైటు వెలుగుతుండగానే కొలవాలి. 3200 మీటరు మీద 10 మిణుకులకు 11 సెకన్ల చుట్టూ రావాలి. 14, 15 వచ్చిందని మీటరు నెమ్మదిగా తిరుగుతోందని తేల్చకండి. వోల్టేజి 230 నుంచి 200కు పడితే అదే ఇస్త్రీపెట్టె 750 వాట్లే లాగుతుంది. పల్లెల్లో లైను చివరి ఇళ్లకు సాయంత్రాలు ఈ తేడా మామూలే. అలా కాకుండా 8 సెకన్లకే పూర్తయితే, ఇంకా ఏదో నడుస్తోంది లేదా మీటరు పరీక్ష అడగాల్సిన సమయం వచ్చింది.

3. అందరూ పడుకున్నాక ఒక కొలత

రాత్రి ఫ్యాన్లు, లైట్లు, కూలర్ ఐదు నిమిషాలు ఆపండి. ఫ్రిజ్ ప్లగ్గు తీయండి. టీవీ, సెట్‌టాప్ బాక్సు, వైఫై, ఇన్వర్టరు, స్టెబిలైజర్లు రోజూ ఎలా ఉంటాయో అలాగే వదిలేయండి. ఇప్పుడు మిణుకులు చూడండి. నెమ్మదిగా వస్తాయి కాబట్టి పది అక్కర్లేదు, రెండు చాలు.

గుర్తుంచుకోవలసిన లెక్క: వెయ్యి వాట్లు గంటసేపు లాగితే ఒక యూనిట్. రోజంతా 1 వాట్ లాగితే నెలకు 0.72 యూనిట్. 10 వాట్లయితే 7.2. ఈ రాత్రి కొలతలో 20, 30 వాట్లు వస్తే బాగానే ఉన్నట్టు. 60 దాటితే నెలకు 43 యూనిట్లు ఎవరి పనికీ రాకుండా పోతున్నాయి.

దోషి ఎవరో తెలియాలంటే బోర్డులోని ఒక్కో ఎంసీబీ (ఒక్కో గది లైనుకు ఉండే చిన్న బ్రేకర్ స్విచ్) దించుతూ మిణుకుల వేగం చూడండి. ఏది దించినప్పుడు వేగం పడిపోయిందో ఆ గదిలో ప్లగ్గులు ఒక్కొక్కటే తీయండి. మన ఇళ్లలో ఎక్కువగా దొరికేవి ఇవి:

ఇన్వర్టరు. బ్యాటరీ నిండాక చార్జింగు దాదాపు ఆగాలి. కరెంటు పోకుండా పన్నెండు గంటలు గడిచాక కూడా ఇన్వర్టరు ఒక్కటే 50 వాట్లు లాగుతుంటే బ్యాటరీ వయసైపోయింది. ముట్టుకుంటే వెచ్చగా ఉండటం, డిస్టిల్డ్ వాటర్ త్వరత్వరగా తగ్గడం ఇంకో రెండు గుర్తులు. ఆ నీళ్ల బదులు బోరు నీళ్లో, మినరల్ వాటర్ డబ్బానో పోస్తే బ్యాటరీ ఇంకా తొందరగా పోతుంది.

సెట్‌టాప్ బాక్సు. రిమోట్‌తో ఆపినా చాలా బాక్సులు 8 నుంచి 15 వాట్లు లాగుతూనే ఉంటాయి. గోడ స్విచ్ దగ్గర ఆపాలి. టీవీ స్టాండ్‌బై గురించి అందరూ భయపడతారు గానీ కొత్త టీవీలు ఒక వాట్ కూడా తీసుకోవు.

స్టెబిలైజర్. ఏసీ వాడని ఎనిమిది నెలలూ దాని స్టెబిలైజర్ గుయ్‌మంటూ ఉండే ఇళ్లు చాలా ఉన్నాయి. ఎంసీబీ దించేయండి. కొత్త ఫ్రిజ్‌లలో చాలావాటికి స్టెబిలైజర్ అక్కర్లేదు. ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుందో ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకంలో చూడండి.

4. మెయిన్ దించినా లైటు మిణుకుమంటోందా?

మీటరు తరువాత ఉన్న మెయిన్ పూర్తిగా దించండి. పది నిమిషాలు చూడండి. ఒక్క మిణుకు కూడా రాకూడదు. వస్తుంటే మీటరుకూ మెయిన్‌కూ మధ్య ఎవరో వైరు కలుపుకున్నారు, లేదా మీటరే చెడింది. రెండూ మీరు సరిచేసేవి కావు, సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఇంకో గుర్తు ‘ఎర్త్’ లైటు. చాలా మీటర్ల మీద ఉంటుంది, కొన్నిట్లో తెర మీద గుర్తుగా వస్తుంది. అది వెలుగుతోందంటే ఫేజ్ ద్వారా వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్ ద్వారా తిరిగి రావడం లేదు. తడి గోడలోనో, గీజరులోనో, మోటారు కేబుల్లోనో లీకేజి ఉండొచ్చు. కింద ఓనరు, పైన అద్దె అన్నట్టు రెండు మీటర్లున్న ఇళ్లలో ఇంకో కారణం ఎక్కువ: రెండు పోర్షన్ల న్యూట్రల్ వైర్లు ఎక్కడో కలిసిపోవడం. ఇప్పటి సింగిల్ ఫేజ్ మీటర్లలో చాలావరకు ఫేజ్, న్యూట్రల్ రెండింట్లో ఏది ఎక్కువైతే దాన్నే లెక్కకడతాయి. అంటే పక్క పోర్షన్ కరెంటు మీ న్యూట్రల్ మీద నడిస్తే ఆ యూనిట్లు మీకే పడతాయి. పరీక్ష తేలిక: మీ ఇంట్లో అన్నీ ఆపి, పక్కవాళ్లను ఇస్త్రీపెట్టె పెట్టమనండి. మీ మీటరు మిణుకుమంటే సంగతి తేలినట్టే. ఎలక్ట్రీషియన్‌కు న్యూట్రల్స్ విడదీయడం గంట, రెండు గంటల పని. లీకేజి అనుమానం ఉన్న ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజి ఉంటే తనంతట తానే కరెంటు ఆపేసే స్విచ్) తప్పకుండా పెట్టించండి. కరెంటు ఆదా తరువాత, ముందు ప్రాణం.

5. మోటారు

బోరున్న ఇంట్లో వెతకాల్సిన మొదటి చోటు ఇదే. 1 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ సుమారు 1.1, 1.2 కిలోవాట్లు లాగుతుంది. అది ఎన్ని నిమిషాలు తిరుగుతోంది అన్నదే అసలు లెక్క.

అ) ట్యాంకు అడుగంటాక మోటారు వేసి, నిండేదాకా నిమిషాలు కొలవండి. 1000 లీటర్లు 25 నిమిషాల్లో నిండితే అర యూనిట్. అదే 50 నిమిషాలైతే ఒక యూనిట్. రోజుకు రెండుసార్లు ఎక్కించే ఇంట్లో ఆ తేడా నెలకు 30 యూనిట్లు. ఈ నిమిషాలను నెలకోసారి రాసుకోండి. ఎండాకాలంలో బోరులో నీటిమట్టం దిగినప్పుడు కొంత పెరగడం సహజం. వానలు పడి మట్టం లేచాక కూడా తగ్గకపోతే లోపం మోటారులోనో పైపులోనో ఉంది.

ఆ) మోటారు ఆపగానే బోరు దగ్గర చెవి పెట్టండి. పైపులో నీళ్లు సర్రున కిందికి జారే చప్పుడు వస్తే నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ పోయింది లేదా పైపుకు చిల్లు పడింది. మోటారు వేసిన ప్రతిసారీ పైపంతా మొదటి నుంచి నింపాల్సి వస్తుంది. వేసిన కొద్ది సెకన్లకే పైన నీళ్లు పడాల్సింది, నిమిషం దాకా పడకపోవడం దీనికి రుజువు. మోటారు నడుస్తున్నప్పుడు బోరు లోపల నీళ్లు చిమ్ముతున్న శబ్దం వస్తే పైపు జాయింటు లీకు. ఎక్కించిన నీళ్లలో సగం మళ్లీ బోరులోకే పోతున్న ఇళ్లు ఉన్నాయి.

ఇ) ప్యానెల్ మీది ఆంపియర్ ముల్లు చూడండి. మోటారు ప్లేటు మీద రాసిన ఆంపియర్ల కంటే ఎక్కువ లాగుతుంటే వోల్టేజి తక్కువో, కెపాసిటర్ బలహీనమో, ఇసుక పట్టి బిగుసుకుందో. ప్లేటు మీది కంటే బాగా తక్కువ లాగుతూ నీళ్లు గాలితో కలిసి ఉమ్ముతుంటే బోరులో నీళ్లు అయిపోయాయి. వెంటనే ఆపండి, నీళ్లు లేకుండా తిరిగితే మోటారు కాలిపోతుంది. మే నెలలో బోరుకు విశ్రాంతి ఇచ్చి రెండు విడతలుగా ఎక్కించుకోవడం మంచిది. నీళ్లు లేకపోతే తనంతట తాను ఆపే డ్రై రన్ పరికరం ప్యానెల్లో పెట్టించుకోవచ్చు.

ఈ) రాత్రి కొళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటిమట్టం దగ్గర సుద్దతో గీత పెట్టండి. పొద్దున చూడండి. మామూలు 1000 లీటర్ల గుండ్రటి ట్యాంకులో ఒక సెంటీమీటరు దిగితే 9, 10 లీటర్లు పోయినట్టు. ఎక్కడా కనబడని లీకు ఎక్కువగా ఫ్లష్ ట్యాంకుది. అందులో కాస్త సిరా వేసి, ఫ్లష్ చేయకుండా ఇరవై నిమిషాలు ఆగండి. కమోడ్‌లో రంగు కనిపిస్తే లోపలి వాషరు మార్చాలి.

ఉ) ట్యాంకు పొర్లి మిద్దె మీద పారడం మన వీధుల్లో రోజూ కనబడేదే. పది నిమిషాలు పొర్లితే 0.2 యూనిట్, దాంతో పాటు 400 లీటర్లు. నీళ్ల కోసం ట్యాంకర్ల చుట్టూ తిరిగే ఊళ్లలో ఇది చూడటం బాధగా ఉంటుంది. ట్యాంకు నిండగానే మోటారు ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టించండి. దాన్ని నేరుగా మోటారు లైనులో కలపకుండా స్టార్టరు ద్వారా కలపమని చెప్పండి. నేరుగా కలిపితే స్విచ్ కొద్ది నెలలకే కాలిపోతుంది. అది కుదరకపోతే (అ)లో కొలిచిన నిమిషాలకు ఫోనులో అలారం పెట్టుకోండి, ఖర్చు లేదు.

6. ఫ్రిజ్

తలుపు అంచున కాగితం ముక్క పెట్టి మూసి లాగండి. బిగువుగా రావాలి. నాలుగు వైపులా, ముఖ్యంగా కింది మూలల్లో చూడండి. జారిపోతుంటే ముందు గాస్కెట్‌ను (తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీని) గోరువెచ్చటి సబ్బునీళ్లతో తుడవండి. చాలాసార్లు అంటుకున్న మురికే కారణం. వంగిపోయి ఉంటే వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ కాసేపు అదిమిపెట్టి సరిచేయండి. చీలితే మార్చడమే.

వెనుకా పక్కలా నాలుగు అంగుళాల ఖాళీ ఉండాలి. పడమటి గోడకు ఆనించి, పొయ్యి పక్కన పెట్టిన ఫ్రిజ్ ఏప్రిల్‌లో దాదాపు ఆగకుండా నడుస్తుంది. చోటు మార్చడమే మందు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో మంచు అర సెంటీమీటరు దాటితే డీఫ్రాస్ట్ చేయండి. చాకుతో గీకొద్దు. పైపుకు చిల్లు పడితే గ్యాస్ పోయి మరమ్మతుకు వేలు అవుతాయి.

సరిచూడటానికి: స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. 365తో భాగించి, వాట్ మీటరుతో ఒక రోజు కొలిచినదానితో పోల్చండి. ఎండాకాలంలో కొంత ఎక్కువ ఉంటుంది. రెట్టింపు ఉంటే మెకానిక్‌ను పిలవాలి.

7. మిద్దె

ఎండాకాలపు యూనిట్లకు తల్లివేరు ఇది. శ్లాబైనా, బేతంచెర్ల, తాడిపత్రి, కడప బండలు పరిచిన మిద్దె అయినా పగలంతా ఎండను తాగి, సాయంత్రం నుంచి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. ఆ వేడితోనే ఏసీ, కూలర్ రాత్రంతా పోరాడతాయి. నల్ల కడప బండ పైకప్పు ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది.

ముందు కొలవండి. ఒక థర్మామీటరు గదిలో, ఇంకొకటి బయట నీడలో తగిలించండి. ఏసీ, కూలర్ ఆపి రాత్రి 9 గంటలకు మూడు రోజులు రెండూ రాసుకోండి. బయటికంటే లోపలే నాలుగైదు డిగ్రీలు ఎక్కువుంటే మిద్దెకు తెల్లపూత వేయడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని.

సున్నం వేసే పద్ధతి:

ఫిబ్రవరి, మార్చి మంచి సమయం. మిద్దె ఊడ్చి, కడిగి, నాచు గీకి, పగుళ్లు పూడ్చి ఆరనివ్వండి. రాతి సున్నం కిలోకు 5 లీటర్ల నీళ్లు. ఇనుప డ్రమ్ములో నీళ్లు పోసి, సున్నాన్ని కొద్దికొద్దిగా నీళ్లలో వేయండి. సున్నం మీద నీళ్లు కుమ్మరించకండి. కుతకుత ఉడికి చిమ్ముతుంది, కంట్లో పడితే చూపు పోతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. ప్లాస్టిక్ బకెట్ వాడితే కరిగిపోతుంది. ఒక రోజంతా ఊరనిచ్చి, గుడ్డలో వడకట్టి, 10 కిలోల సున్నానికి అర కిలో చొప్పున తెల్ల జిగురు నీళ్లలో కలిపి పోయండి. మజ్జిగంత పలచగా ఉండాలి.

ఎండ దిగాక, మిద్దెను కాస్త తడిపి, పొడుగు బ్రష్షుతో మొదటి పూత ఒక దిక్కుగా, మరునాడు సాయంత్రం రెండో పూత అడ్డంగా వేయండి. ముందు పదడుగుల చదరానికి వేసి ఎంత పట్టిందో చూసుకుని మిగతాదానికి సున్నం కొంటే వృథా ఉండదు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే: మధ్యాహ్నం కాలే మిద్దె మీద వేస్తే తడి పీల్చుకుపోయి రెండు రోజుల్లో పొడిగా రాలుతుంది. చిక్కగా ఒకే పూత వేస్తే పొరలుగా లేస్తుంది. సరిగ్గా వేసిందో లేదో మూడో రోజు అరచేత్తో రుద్ది చూడండి. కొద్దిగా తెల్లగా అంటితే ఫరవాలేదు, చేయంతా పిండైతే జిగురు చాలలేదు. సున్నం ఒక ఎండాకాలానికే, వానలకు పోతుంది. ఎక్కువ కాలం కావాలంటే తెల్లటి కూల్ రూఫ్ పెయింటు. కొనేటప్పుడు డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ (ఎండ వేడిని ఎంత తిప్పికొడుతుందో చెప్పే) అంకె అడగండి, ఎక్కువ ఉంటే అంత మేలు. ఇటుక రంగు, ఆకుపచ్చ వాటర్‌ప్రూఫ్ పూతలు వాననే ఆపుతాయి, ఎండను ఆపవు. వీటిని కూల్ రూఫ్ అని అమ్మితే నమ్మకండి.

పూత వేశాక అదే 9 గంటలకు మళ్లీ మూడు రోజులు కొలవండి. లోపలికీ బయటికీ ఉన్న తేడా ఎంత తగ్గిందో అదే ఫలితం. లోపలి డిగ్రీలు మాత్రమే చూస్తే ఆ వారం ఎండ ఎక్కువైనప్పుడు మోసపోతారు.

అద్దె ఇల్లై పూత కుదరకపోతే మిద్దె మీద గ్రీన్ నెట్ కట్టుకోవచ్చు. మిద్దెకు ఆనకుండా రెండు మూడు అడుగుల ఎత్తున, గాలి ఆడేలా. మే నెల గాలివానకు లేచిపోకుండా నాలుగు వైపులా గట్టిగా బిగించాలి. సాయంత్రం మిద్దె మీద నీళ్లు చల్లే అలవాటు మానుకుంటేనే మంచిది. ఆ నీళ్లెక్కించడానికి కరెంటు, పైగా పగుళ్లలోకి దిగి ఊచలకు తుప్పు. పడమటి కిటికీకి లోపల పరదా కంటే బయట తడికో, నెట్టో కట్టడం ఎక్కువ పని చేస్తుంది. గాజు దాటాక వేడి ఇంట్లోకి వచ్చేసినట్టే.

8. కూలర్, ఏసీ, ఫ్యాన్

మన ఎండలు పొడి ఎండలు. ఏప్రిల్, మేలో 1.5 కిలోవాట్ల ఏసీ చేసే పనిలో చాలావరకు 200 వాట్ల కూలర్ చేయగలదు. కావలసింది సరైన అమరిక. కూలర్ బయటి గాలి పీల్చేలా కిటికీలో ఉండాలి, ఎదురుగా ఇంకో కిటికీయో తలుపో తెరిచి ఉండాలి. తలుపులన్నీ మూసి గది మధ్యలో పెట్టుకుని “ఉక్కపోస్తోంది” అనడం అన్నిటికంటే ఎక్కువగా కనబడే పొరపాటు.

బయట 40 డిగ్రీలున్న పొడి మధ్యాహ్నం కూలర్ ముందు థర్మామీటరు పెడితే 10 డిగ్రీల చుట్టూ తగ్గాలి. నాలుగైదే తగ్గితే గడ్డి మెత్తలు ఉప్పు పట్టి ఉంటాయి, లేదా అంచుల్లో ఖాళీల గుండా పొడిగాలి దూరుతోంది, లేదా పై రంధ్రాలు మూసుకుని నీళ్లు సగం మెత్తకే అందుతున్నాయి. మన బోరు నీళ్లకు ఉప్పు త్వరగా పేరుకుంటుంది. వారానికోసారి తొట్టి పూర్తిగా ఖాళీ చేయండి, పైపైన నీళ్లు కలుపుతూ పోకండి. గడ్డి మెత్తలు ప్రతి ఎండాకాలం మార్చాలి. వానలు మొదలై గాలి తేమెక్కాక కూలర్ పంపు ఆపి ఫ్యాన్ మాత్రం వాడండి.

ఏసీ ఉన్న గదిలో కూలర్ వేయకండి, రెండూ ఒకదాని పని ఒకటి చెడగొట్టుకుంటాయి. ఏసీ 26 దగ్గర పెట్టి ఫ్యాన్ తిప్పండి. డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. ఫిల్టరు రెండు వారాలకోసారి కడగాలి. తలుపు సందుల దగ్గర అగరబత్తి పట్టి చూడండి, పొగ పక్కకు లాగితే అక్కడ రబ్బరు పట్టీ అంటించాలి.

పాత ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 చుట్టూ. రోజుకు 16 గంటలు తిరిగే ఫ్యాన్ మారిస్తే నెలకు 21 యూనిట్లు తగ్గుతాయి. చుట్టాలొచ్చినప్పుడే తిరిగే గదిలో ఫ్యాన్ మార్చడం దండగ. పెద్ద పెట్టె రెగ్యులేటర్ ఇంకా ఉంటే దాన్ని తీసేయండి, వేగం తగ్గించినా మిగతా కరెంటును అది వేడిగా మార్చేస్తుంది.

9. వేడినీళ్లు

15 లీటర్ల గీజరు నీళ్లను 25 నుంచి 60 డిగ్రీలకు కాచడానికి సుమారు 0.6 యూనిట్ కావాలి. 2 కిలోవాట్ల గీజరుకు అది 18, 20 నిమిషాలు. అరగంట దాటుతోందంటే రాడ్డుకు ఉప్పు పేరుకుని ఉంటుంది లేదా వోల్టేజి తక్కువ. ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించండి. అప్పుడే ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే లోపలి మెగ్నీషియం రాడ్డు కూడా చూడమనండి. థర్మోస్టాట్ 50, 55 చాలు. బకెట్లో పెట్టే హీటరు రాడ్డును ఆపి, ప్లగ్గు తీశాకే నీళ్లు ముట్టాలి.

10. వేడెక్కే ప్లగ్గులు

గీజరు, ఏసీ, ఇస్త్రీపెట్టె పావుగంట నడిచాక ఆపి, ప్లగ్గు తల తాకి చూడండి. గోరువెచ్చన ఫరవాలేదు. చేయి ఆనించలేనంత వేడి, నల్లబడ్డ రంధ్రం, చేపల వాసన లాంటి కాలిన వాసన ఉంటే లోపల స్క్రూ వదులైంది. పోయే యూనిట్లు కొద్దే, నిప్పంటుకునే ప్రమాదం మాత్రం పెద్దది. ఆ రోజే మార్పించండి.

ఫలితం ఎలా చూసుకోవాలి

ఒకేసారి అన్నీ మార్చకండి. ఒక మార్పు చేసి, వారం రోజులు ఒకే సమయానికి మీటరు రీడింగు రాసుకుని, రోజువారీ సగటు చూసి, అప్పుడు రెండోది. పెళ్లి, పండుగ, చుట్టాల వారాలు లెక్కలోంచి తీసేయండి. నెల బిల్లును పోయిన నెలతో పోల్చకుండా పోయిన ఏడాది అదే నెలతో పోల్చండి. మార్చితో ఏప్రిల్‌ను పోల్చి “ఏం చేసినా పెరిగిందే” అని నిరాశపడినవాళ్లు నిజానికి పది, పదిహేను శాతం తగ్గించి ఉంటారు.

కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద మిద్దె మీద సోలార్ పెట్టించాలనుకునేవాళ్లు పై కొలతలు పూర్తయ్యాకే ఎన్ని కిలోవాట్లో తేల్చుకోండి. ఒక కిలోవాట్ ప్యానెళ్లు మన ఎండకు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి, నెలకు 120. మోటారు, ఇన్వర్టరు, ఫ్యాన్ల దగ్గర నెలకు 60 యూనిట్లు ఆపగలిగితే అర కిలోవాట్ తక్కువ కొంటే సరిపోతుంది. మిద్దెకు పూత వేయాలనుకుంటే అది కూడా ప్యానెళ్ల స్టాండ్లు బిగించక ముందే వేయండి. తరువాత వాటి కింద బ్రష్షు తిరగదు.